విరగవలసిన చోటు

సెక్టార్ 6 మార్కెట్టుకు కూరలకని వెళ్ళినప్పుడల్లా ఈమధ్య నా చూపు అక్కడ నిలబెట్టిన సైకిళ్ళ హ్యాండిళ్ళ మీదికే పోతోంది. వాటి బ్రేకు లీవర్లు చూస్తున్నాను. చివర గుండ్రటి బొడిపె ఉండాల్సిన చోట చాలావాటికి ఏమీ లేదు. కొన్ని సగానికే తెగాయి. తెగిన మొహం పటికబెల్లం విరిచినట్టు గరుగ్గా, తెల్లగా మెరుస్తోంది. ఒకదానికైతే లీవరే లేదు, బిగించే పట్టీ మాత్రం మిగిలింది, ఊడిన తీగను హ్యాండిల్‌కు చుట్టేశారు. అయినా అవన్నీ నడుస్తున్నాయి. పాలక్యాన్లు, బడిసంచులు, గ్యాసు బండలు మోసుకుని వచ్చిపోతూనే ఉన్నాయి. ఒకటి పోయినా రెండో బ్రేకు ఉంది కదా అన్న ధీమా కాబోలు. ధీమాయా, లేక విరిగిన చిన్న వస్తువు కోసం ఒక పూట పని మానుకోలేని ఇబ్బందా? ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, ఇది నా కంటికి ఎందుకు ఆనలేదో తెలియదు. మా అబ్బాయి సైకిల్‌ది విరిగాక ఆనింది.

వాడిది గేర్ల సైకిల్. మౌంటెన్ బైక్ అని అట్టపెట్టె మీద రాసుంది గానీ, భిలాయిలో ఎక్కడానికి కొండలెక్కడివి? కాగితం మీద గీత గీసి కట్టిన టౌన్‌షిప్ ఇది, రోడ్లన్నీ తిన్నగా ఉంటాయి. అవి దాటితే వరి పొలాలు, అదీ చదునే. కానీ ఉక్కు ప్లాంటుకు నీళ్ళు నిలవచేసే మరోదా చెరువు వైపు పోతే ఎర్ర మొరం బాటలు తగులుతాయి. వానాకాలం కోసిన కోతలు ఎండాకాలానికి గట్టిపడి గతుకులవుతాయి. పిల్లలకు కావలసింది అదే. వెడల్పాటి, గుండీల టైర్లు అక్కడే తమ పని చూపిస్తాయి. అలాంటి ఒక వాలులో వాడు కుడిపక్కకి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. సైకిల్ నిలబెట్టి చూస్తే ఫోర్కు బాగుంది, హ్యాండిల్ వంకరపోలేదు, చక్రం సొట్ట లేకుండా తిరుగుతోంది. కుడిచేతి లీవరు, అంటే ముందు చక్రపు బ్రేకుది, మొదలుకంటా విరిగింది. దెబ్బనంతా ఆ జానెడు కూడా లేని ముక్క ఒంటి మీదికి తీసుకున్నట్టుంది. దాన్ని తిట్టుకోవాలా, దానికి దణ్ణం పెట్టాలా అన్నది నాకు ఒక పట్టాన తేలలేదు.

ముక్కను చేతిలోకి తీసుకుంటే తెలిసింది, అది పోత పోసిన అల్యూమినియం. ఉక్కు ఊళ్ళో దీనికి రెండు తులాల ఉక్కు దొరకలేదా అనిపించింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచీ ఈ ఊరు తినేది ఉక్కు కూడే. దల్లీ రాజహరా గనుల ఎర్రరాయి ఇక్కడికి వచ్చి రైలు పట్టాలై దేశమంతా పరుచుకుంటుంది. కానీ సైకిల్ చేసేవాడికి తేలిక కావాలి, తుప్పు పట్టకూడదు, అచ్చులో సులువుగా ఒదగాలి. అల్యూమినియం బరువు ఉక్కులో దాదాపు మూడో వంతే. ఆ లెక్కకు ఎదురు చెప్పలేం. ఈ రాష్ట్రానికి ఆ లోహం కొత్తదీ కాదు, కోర్బాలో కర్మాగారం ఉన్న బాల్కో సంస్థ 1965లోనే ఏర్పడింది. అయితే ఉక్కుకూ దానికీ ఉన్న సంబంధం చిత్రమైనది. కరిగిన ఉక్కులో మిగిలిన ప్రాణవాయువును తీసెయ్యడానికి చాలా రకాల ఉక్కులో అల్యూమినియమే వేస్తారు. రైలు పట్టాల ఉక్కులో మాత్రం అది చేరకుండా జాగ్రత్తపడతారు. ప్రాణవాయువుతో కలిసి అది కటికగట్టి నలుసులుగా లోపల మిగిలిపోతే, లక్షల చక్రాలు దొర్లి దొర్లి చివరికి ఆ నలుసు దగ్గరే పట్టా చీలడం మొదలవుతుంది. ఇదంతా నాన్న దగ్గర విన్నదే. ఆయన రైల్ మిల్లులో మెయింటెనెన్సు మనిషి.

నాన్న సైకిల్ నల్ల అట్లాస్. దానికి బ్రేకు తీగలుండేవి కావు. హ్యాండిల్ కింది నుంచి చక్రం దాకా ఉక్కు కడ్డీలే. లీవరు నొక్కితే కడ్డీ పైకి లేచి రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి అంచుకు ఒత్తేది. షిఫ్టు వదిలే వేళ గేటు దగ్గర ఆ సైకిళ్ళ గుంపులో ఎవరో ఒకరు పడటం, లీవరు వంగటం మామూలే. వంగిన దాన్ని మెట్టు మీద ఆనించి సుత్తితో రెండు వేస్తే దారికొచ్చేది. మళ్ళీ వంగేది, మళ్ళీ తిన్నగా అయ్యేది. ఉక్కు ఎప్పటికీ తెగదని కాదు. తెగేముందు చెబుతుంది: వంగుతుంది, రంగు పెచ్చులూడుతుంది, సన్నగా ఒక గీత కనబడుతుంది. పోత అల్యూమినియం అలా కబురు పెట్టదు. పైగా లోహాలు అలిసిపోవడం గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులు ఎందుకు తెగుతున్నాయో తెలుసుకుందామని వాటిని ఏళ్ళ తరబడి తిప్పి చూశాడు. ఒక హద్దుకు లోపల ఎన్నిసార్లు బరువు మోసినా ఉక్కు తట్టుకుంటుందని ఆయన పనితో తేలింది. అల్యూమినియం మిశ్రమాలకు అలాంటి హద్దు స్పష్టంగా లేదు. ప్రతి మోతా, ఎంత చిన్నదైనా, లోపల ఎక్కడో ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఇది చదివిన రాత్రి నేను లీవర్ల గురించి ఆలోచించలేదు. మనుషుల్లో ఎవరు ఏ లోహమో ఆలోచిస్తూ కూర్చున్నాను.

మా ఇళ్ళల్లో మగవాళ్ళను మెచ్చుకునే మాట ఒకటే వింటూ పెరిగాను: ఎంత పనైనా ఇరగడు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వచ్చే రైలెక్కి దిగిన వాళ్ళు వీళ్ళు. ఒక పాత ట్రంకు పెట్టె, ఊరివాళ్ళెవరిదో చిరునామా, అంతే. ఖుర్సీపార్‌లోనో, క్యాంపులోనో ఒక గదిలో నలుగురు సర్దుకుని, మూడు షిఫ్టుల్లో ఒంటిని తిప్పుకుని, పిల్లల్ని చదివించారు. జ్వరమొచ్చినా డ్యూటీకి వెళ్ళినవాడి గురించి గొప్పగా చెప్పుకునేవారు. సంక్రాంతి నాడు నైట్ షిఫ్టు పడితే ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆ మెప్పు మాకూ అంటింది. నా తరం ఆడవాళ్ళం కూడా బడి, ఇల్లు, పెద్దవాళ్ళ మందులు, అన్నీ మోస్తూ ఇరగకపోవడమే మర్యాద అనుకున్నాం. అందుకేనేమో, విరిగిన లీవరును చూడగానే నాకు మొదట వచ్చింది చిరాకు. బలహీనమైనది, చవకబారుది అని.

ఆ మాటే నాన్నతో అన్నాను. ఎనభై దాటిన మనిషి, ఇప్పుడు ఎక్కువగా వరండాలోనే ఉంటారు. ముక్కను అటూ ఇటూ తిప్పి, తెగిన మొహాన్ని వెలుతురుకు పెట్టి చూశారు.

"ఉక్కుదైతే వంగి ఊరుకునేది కదా నాన్నా" అన్నాను.

"వంగి ఊరుకునేది. మరి అదీ వంగక మొండికేస్తే ఆ దెబ్బ ఎటు పోవాలమ్మా? హ్యాండిల్‌కి పోవాలి. లేపోతే ఆడి చేతికి పోవాలి" అన్నారు.

తర్వాత చాలాసేపు మిల్లు గురించి చెప్పారు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను రోలర్ల మధ్య నుంచి పంపి సాగదీస్తారు. ఎప్పుడైనా చల్లారిపోయిన దిమ్మ లోపలికి వెళ్ళిందనుకోండి, లేదా వంకరతిరిగి ఇరుక్కుందనుకోండి, రోలర్ల మీద పడే ఒత్తిడికి అంతుండదు. రోలరు చిట్లవచ్చు, వాటిని పట్టుకున్న పెద్ద చట్రమే పగలవచ్చు. అందుకని పాతకాలపు రోలింగ్ మిల్లుల్లో, రోలర్లను కిందికి నొక్కే మర కింద పోత ఇనుప దిమ్మ ఒకటి పెట్టేవారట. దాన్ని బ్రేకర్ బ్లాక్ అంటారు. ఒత్తిడి హద్దు దాటితే మొట్టమొదట అది పగలాలి. మోటారుకూ రోలరుకూ మధ్య కూడా అలాంటిదే ఒక పిన్నో, కప్లింగో ఉంటుంది. దానికి కావాలనే సాగే గుణం లేని లోహాన్ని ఎంచుకుంటారు, హద్దు దగ్గర తటపటాయించకుండా తెగడానికి. "దాన్ని గట్టి లోహంతో చేస్తే మెచ్చుకోరు, చీవాట్లు పెడతారు" అన్నారు నాన్న. ఎంత పనైనా ఇరగడు అని పేరు తెచ్చుకున్న మనిషి నోట ఆ మాట వినడం నాకు కొత్తగా ఉంది. ఆయన జీవితమంతా మిల్లులో విరగవలసిన వాటిని సమయానికి మారుస్తూ గడిచింది. తన ఒంటికి మాత్రం అలాంటి ఏర్పాటు ఒక్కటీ చేసుకోలేదు. మోకాళ్ళు ముందు పోయాయి, తర్వాత చెవులు. వాటికి విడిభాగాలు లేవు.

అయితే ఇక్కడ ఒక అనుమానం నన్ను పట్టి నిలబెట్టింది. ఆ లీవరు పోసినవాడు ఇంత ఆలోచించి పోశాడా? రేసు మోటారుసైకిళ్ళ లీవర్లకు కావాలనే ఒకచోట కోతపెడతారు. పడితే అక్కడికే విరిగి, రెండు వేళ్ళకు సరిపడా మొదలు మిగిలేలాగ. అది ఆలోచన. మావాడి లీవరులో అలాంటిదేమీ లేదు. చవకగా అయిపోవాలని పోసిన పోత, అంతే. దాని బలహీనతకు నేను దయ అని పేరు పెడుతున్నానా? పైగా పడ్డప్పుడు విరగడం వేరు, వాలులో లారీ ఎదురొచ్చి బలంగా నొక్కినప్పుడు విరగడం వేరు. మొదటిది కాపాడుతుంది, రెండోది చంపుతుంది. అంతర్జాతీయ సైకిల్ ప్రమాణాల్లో చేతిబ్రేకుకు ఒక పరీక్ష ఉంది. లీవరు కొసకు దగ్గరగా 450 న్యూటన్లు, అంటే సుమారు 46 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పెట్టి, మళ్ళీ మళ్ళీ నొక్కి చూస్తారు. విరగకూడదు. మా పిల్లవాడి పిడికిట్లో అంత బలం లేదు. అంటే నొక్కే వైపు బలంగా, పడే వైపు బలహీనంగా ఉండాలి. రోజూ మోయాల్సిన దానికి లొంగకూడదు, ఎన్నడో ఒకనాడు వచ్చే దెబ్బకు అడ్డంపడి తాను పోవాలి. ఒకే ముక్క నుంచి ఈ రెండూ అడగడం చిన్న కోరిక కాదు.

సుపేలాలో, ఆకాశగంగ వైపు ఒక సైకిల్ కొట్టు ఉంది. అక్కడి మెకానిక్ పెద్దాయన విరిగిన ముక్కతో సరిపెట్టుకోలేదు. సైకిలే తెమ్మన్నాడు. తీసుకెళ్ళాక తెలిసింది ఎందుకో. చూడటానికి లీవర్లన్నీ ఒకేలా ఉంటాయి, బిగించే పట్టీ కూడా చాలావాటిది ఒకటే కొలత, 22.2 మిల్లీమీటర్లు. తేడా లోపల ఉంది. రిమ్ముకు రెండు పక్కలా పొడుగాటి చేతులు నిలబడి ఉండే వీ బ్రేకులకు తీగను ఎక్కువ దూరం లాగాలి. పాత రకం బ్రేకుల లీవరు లాగే దానికి దాదాపు రెట్టింపు. అందుకని వీటి లీవర్లలో తీగ తల కూర్చునే చోటు ఇరుసుకు దూరంగా ఉంటుంది. పాతరకం లీవరును దీనికి తగిలిస్తే హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా రబ్బరు రిమ్మును గట్టిగా పట్టదు. దీని లీవరును పాతరకానికి తగిలిస్తే చేతికి రాయిలా గట్టిగా తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఆ పెద్దాయన ఈ పేర్లేవీ చెప్పలేదు. ఇరుసుకూ తీగ తలకూ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూసి, "ఇది కాదు, ఇదీ కాదు" అంటూ మేకుకు వేలాడే గుత్తిలోంచి ఒక జత తీశాడు. మనం అదృష్టవంతులమనీ అన్నాడు. మావాడి సైకిల్‌కు గేర్లు మార్చే మీట విడిగా ఉంది. బ్రేకు లీవరూ గేరు మీటా కలిపి ఒకే డబ్బాగా వచ్చే సైకిళ్ళున్నాయి, వాటిలో ఇది విరిగితే అదీ మార్చాల్సిందే. బాగున్నదాన్ని కూడా పారేయించే ఆ కూర్పు నాకు నచ్చదు. ఒక వస్తువును ఎక్కడికక్కడ విడదీయడానికి వీలుగా కట్టడంలో దాన్ని వాడబోయే మనిషి మీద గౌరవం ఉంది.

కొత్త లీవర్లు జతగానే అమ్ముతారు. జత తెచ్చుకున్నాం. బిగించే పని మాత్రం ఇంట్లోనే, మేమే. వరండాలో సైకిల్ నిలబెట్టి, ముందు వీ బ్రేకు దగ్గర వంపు గొట్టాన్ని కొక్కెం నుంచి తప్పించి తీగను వదులు చేశాం. హ్యాండిల్ రబ్బరు పట్టు కింద కాస్త సబ్బునీళ్ళు పోస్తే అది జారి వచ్చింది. 5 మిల్లీమీటర్ల ఎలెన్ కీతో పట్టీ వదులు చేసి పాత మొదలు లాగేశాం. కొత్త దాని గాడిని, తీగ బిగువు సరిచేసే మరగాడిని, దాని నట్టుగాడిని ఒకే వరసలోకి తిప్పి తీగ తలను లోపల కూర్చోబెట్టాం. ఇంగ్లండులో బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది, గొట్టంలో తీగ. కదలని తొడుగులో కదిలే తీగ ఒక చోటి బలాన్ని ఎన్ని వంపులు తిరిగినా ఇంకో చోటికి చేర్చేస్తుంది. కడ్డీ చేయలేని పని. మావాడు తీగ లాగుతూ కిందికి చూసి రబ్బర్లు దగ్గరపడుతుంటే మళ్ళీ లాగాడు, మళ్ళీ చూశాడు. ఎన్నాళ్ళ నుంచో తొక్కుతున్న సైకిల్‌లో తన వేలికీ చక్రానికీ మధ్య ఏముందో అప్పుడే చూస్తున్నాడు.

ఆ పని ఎంతోసేపు పట్టలేదు. కానీ పని జరుగుతున్నంతసేపూ నాకు ఒకటే తోస్తోంది: సైకిల్ కదలకుండా నిలబడింది కాబట్టి కదా ఇది చేయగలుగుతున్నాం. మా ఊరి బతుకు అలా నిలబడని వాటి మీద ఉంది. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వెలిగిస్తే దశాబ్దాల పాటు చల్లారనివ్వరు. లోపలి సిలికా ఇటుకలు చల్లబడితే ఒక్కసారిగా పరిమాణం మారి పగుళ్ళిస్తాయి. బ్లాస్ట్ ఫర్నేస్ కూడా ఏళ్ళ తరబడి రాత్రీపగలూ మండాల్సిందే. నడుస్తున్న దాని పక్కనే, నడుస్తున్న గొట్టాల నడుమ, ఏ భాగం పాడైతే ఆ భాగాన్ని సరిచేయాలి. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టం దగ్గర నిర్వహణ పని జరుగుతుండగా మంట లేచి పదిమందికి పైగా చనిపోయారు. ఆరోజు ఊరంతా సెక్టార్ 9 ఆసుపత్రి వైపు చూస్తూ ఉండిపోయింది. వాళ్ళు కూడా ఏదో ఒక భాగాన్ని సరిచేయడానికి వెళ్ళినవాళ్ళే, పానా పట్టుకున్న చేతులే. మా నాన్న చేసిన పనే. నిలిపివేసి బాగుచేసుకునే వెసులుబాటు ఎంత పెద్ద భాగ్యమో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. మరి మా ఇళ్ళల్లో మనుషుల్ని ఆ బ్యాటరీల్లాగే ఎందుకు పెంచాం? ఒక రోజు ఆగితే పగిలిపోతామన్నట్టు? జ్వరంతో డ్యూటీకి పోయినవాణ్ణి పొగిడే బదులు, ఇంట్లో పడుకున్నవాణ్ణి పలకరించి ఉంటే ఏమయ్యేది? పట్టాలు ఆగిపోయేవా? ఆగేవి కావు. ఇంకొకరు షిఫ్టుకు వెళ్ళేవారు. జతలో రెండోది ఉండేదే.

పట్టీ బిగించేటప్పుడు మావాడు బలమంతా పెట్టబోయాడు. నాన్న కుర్చీలోంచే వద్దన్నారు. బ్రేకు నొక్కితే తిరగకూడదు, పడితే తిరగాలి, అంతే బిగించు అన్నారు. మెకానిక్ కూడా అదే చెప్పి పంపాడు. గట్టిగా నేలకు తగిలినప్పుడు లీవరు హ్యాండిల్ చుట్టూ గిర్రున తిరిగిపోతే విరిగే అవసరమే రాదు. పోతలోహానికి లేని మెత్తదనాన్ని ఆ బిగింపులో పెట్టవచ్చన్నమాట. ఇన్ని రోజులూ నేను వెతుకుతున్న సమాధానం కొంత అందులో ఉంది. వంగడమూ విరగడమూ కాక మూడోది ఉంది, పట్టు కొంచెం వదలడం. అరచేత్తో గట్టిగా కొట్టి చూశాం. కదిలింది. వేళ్ళతో నొక్కితే కదల్లేదు. ఆ తర్వాత లీవరు పక్కనున్న చిన్న మరను తిప్పి దాన్ని హ్యాండిల్‌కు దగ్గరగా జరిపాం. పాత లీవరును కొన్న నాటి నుంచీ ఎవరూ వాడి చేతి కొలతకు తెచ్చిపెట్టలేదు. వేళ్ళు బాగా సాచితే గాని అందేది కాదట. వాడు ఎప్పుడూ చెప్పలేదు, బ్రేకులంటే అలాగే ఉంటాయనుకున్నాడు. ముందు బ్రేకు అందకపోతే ఆగే శక్తిలో సగానికి పైగా అందనట్టే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికే ఒరుగుతుంది.

జతలో ఎడమది మిగిలింది. మా పాత ఎడమ లీవరు శుభ్రంగా ఉంది, దాన్ని మార్చడానికి నాకు మనసొప్పలేదు. మరుసటి ఆదివారం కొత్తదాన్ని పట్టుకుని సుపేలా వెళ్ళాం. డబ్బు తిరిగి ఇమ్మని అడగలేదు, వెనక బ్రేకు తీగ తుప్పుపట్టి నెమ్మదిగా కదులుతోంది, దీని బదులు కొత్త తీగ వేసిపెట్టమన్నాను. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు. మేకుకు అలాంటి ఒంటి లీవర్లు ఇంకో నాలుగైదు ఉన్నాయి. జత కొనలేనివాళ్ళు వచ్చి అందులోంచే ఏరుకుంటారట. మాది కూడా అక్కడే తగిలించి, తొడుగును మావాడి సైకిల్ మీద పెట్టి కొలుచుకుని, కొత్త తీగకు రెండు చుక్కల నూనె రాసి లోపలికి తోశాడు.

"కుడిదైతే ఇంకా బాగుండేది దీదీ. అందరూ కుడిదే అడుగుతారు" అన్నాడు, తీగ కొస కత్తిరిస్తూ.